ముప్ఫై ఒకటో కోటు

"మా నాన్న చొక్కా గుండీలు ఆరేళ్ళుగా నేనే పెడుతున్నాను సార్," అంది కూతురు. "వేళ్ళు వంగవు ఆయనకి. కీళ్ళవాతం. చెంచా కూడా రెండు చేతులతో పట్టుకునే మనిషి, ఆ బండకోటు తొడుక్కుని, ఎనిమిది ఇత్తడి గుండీలు గొంతుదాకా పెట్టుకుని, తీరిగ్గా కుర్చీలో కూర్చుని ప్రాణం విడిచారట. మీ పోలీసులు రాసుకున్నది ఇదీ."

"నేనిప్పుడు పోలీసుని కాదమ్మా."

"అందుకే మీకు ఫోన్ చేశాను."

డిటెక్టివ్ నోటుబుక్కు తెరిచి 'గుండీలు' అని ఒక్క మాట రాసుకున్నాడు. ఇరవై రెండేళ్ళు డిపార్టుమెంటులో పనిచేసి బయటికి వచ్చేసిన మనిషి. ఏ పనైనా నెమ్మదిగా చేస్తాడని అక్కడ అందరూ 'నత్త' అనేవాళ్ళు. ఆ పేరు పెట్టింది ఆయన సొంత బావమరిదే. ఆ బావమరిదే ఇప్పుడు ఈ పేటకి ఇన్‌స్పెక్టరు. గుండెపోటు, సహజ మరణం అని రెండు వాక్యాల్లో ఈ ఫైలు మూసేసిందీ అతనే.

చనిపోయిన పెద్దాయనకి డెబ్భై ఎనిమిదేళ్ళు. యుద్ధకాలం నాటి వస్తువులకి ఆయన చూపే చివరి మాట. సైనికుల కోట్లు, ఇనపటోపీలు, పతకాలు, ఉత్తరాలు ఎవరు ఎక్కణ్ణించి తెచ్చినా అసలువో నకిలీవో తేల్చి చెప్పేవాడు. తనూ సేకరించేవాడు, అయితే దాచుకోవడానికి కాదు. ఏ కోటు ఏ ఇంటిదో కనుక్కుని, ఆ ఇంటివాళ్ళకి ఉత్తరం రాసి, వాళ్ళ చేతుల్లో పెట్టేవాడు. వీధిలో అందరికీ ఆయన 'కోట్ల తాతయ్య'.

"గురువారం మీరు ఎన్నింటికి బయల్దేరారు?"

"ఎనిమిదిన్నరకి. రక్తపరీక్షల ల్యాబులో పని నాకు. నాలుగూ పదికి తిరిగొచ్చాను. పన్నెండుకీ రెండుకీ మధ్య పోయారన్నాడు డాక్టరు."

"ఎప్పుడైనా సరదాకి కోటు తొడుక్కునేవారా?"

"నాన్నా?" ఆమె నొచ్చుకుంది. "చచ్చిపోయినవాడి బట్టకి బతికున్నవాడి చెమట అంటకూడదనేవారు. ముట్టుకోవాలన్నా మధ్యలో తెల్లగుడ్డ ఉండాల్సిందే. నా చిన్నప్పుడు ఓసారి టోపీ పెట్టుకున్నానని రెండు రోజులు నాతో మాట్లాడలేదు."

"మందులు?"

"గుండె మాత్రల సీసా చొక్కా జేబులోనే ఉంటుంది. మూత నేను బిగించను. వేలితో తోస్తే ఊడిపోయేలా వదులుగా పెట్టి వెళ్తాను. ఆ రోజు జేబులోంచి తీస్తే బిర్రుగా బిగించి ఉంది సార్. నాకే రాలేదు. మోకాళ్ళ మధ్య పెట్టుకుని తిప్పాల్సొచ్చింది."

పెన్ను ఆగింది. "ఈ సంగతి ఇన్‌స్పెక్టరుకి చెప్పారా?"

"చెప్పాను. కంగార్లో అలా అనిపించి ఉంటుందమ్మా అన్నారు."

"ఆ రోజు ఎవరైనా వస్తారని మీ నాన్నగారు అన్నారా?"

"బుధవారం భోజనం దగ్గర అన్నారు. ముప్ఫై ఒకటో కోటు తాలూకు ఇల్లు ఒకటి దొరికింది, రేపు పన్నెండుకి వస్తారు అన్నారు. పదిహేను రోజుల క్రితం కూడా ఒకసారి వచ్చి ఫోటోలు తీసుకెళ్ళారట. ఎవరని నేను అడగలేదు."

"వస్తారు అన్నారు. ఒకరా, ఇద్దరా?"

ఆమె ఆలోచించింది. "గౌరవంగా అన్నారేమో, ఒక్కరే అనుకున్నాను. కానీ నేను వచ్చేసరికి వంటింటి గట్టు మీద మూడు గ్లాసులు కడిగి బోర్లించి ఉన్నాయి. నాన్న గ్లాసు కడగలేరు. పీచు కూడా పిండి, అంచున ఆరేసి ఉంది."

మూడు గ్లాసులు. ఒకటి ఇంటాయనది. వచ్చినవాళ్ళు ఇద్దరు. అందులో ఒకరు పరాయి వంటింట్లో కూడా పీచు పిండి ఆరేసే మనిషి.

"ఇంకొక్కటి. ఆ కోటు ఇప్పుడెక్కడుంది?"

"స్టేషన్లో. నాన్నకి ఇష్టమైన కోటు కదా, దాంతోనే దహనం చేసెయ్యండి అన్నారు ఇన్‌స్పెక్టరు గారు. మంచి మనసుతోనే అని ఉంటారు, కానీ నేను ఒప్పుకోలేదు. అది ఇంకొకరిది, ఇంకొకరి ఇంటికి వెళ్ళాలి అని విప్పించేశాను. అయితే మేం పట్టుకెళ్తాం అని సంచీలో వేసుకెళ్ళారు."

డిటెక్టివ్ నోటుబుక్కు మూశాడు. శవం మీది బట్టని ఎవరూ పరీక్షించరు. శవంతోపాటు కాలిపోతే ఇక ఎప్పటికీ పరీక్షించలేరు. ఈ మాట ఆయన రాసుకోలేదు.

మేడ గది తలుపు ఆయనే తోశాడు. కూతురు మెట్ల మీదే ఆగిపోయింది.

గది పొడవునా ఇనపగొట్టం, దానికి కోట్లు. ఖాకీవి, బూడిదరంగువి, నావికుల నల్లవి. భుజం భుజం తగులుతూ, చేతులు వేలాడేసుకుని నిలబడ్డాయి. తలుపు తీసిన గాలికి వరసంతా ఒక్కసారి కదిలి, వచ్చిందెవరా అని అందరూ ఇటు తిరిగినట్టయింది. చెమటవాసన, కర్పూరం ఉండల వాసన, ఆ రెండింటి కింద దేనిదో చెప్పలేని పాత తడివాసన. ఆయన తనకి తెలియకుండానే చెప్పులు గుమ్మం బయట వదిలేశాడు.

"పొద్దున్నే కిటికీ తీసి 'లేవండ్రా, తెల్లారింది' అనేవారు నాన్న," మెట్ల మీంచి అంది ఆమె. "నాలుగు రోజులుగా ఎవరూ లేపడం లేదు వాళ్ళని."

మెడపట్టీల లోపల పేర్లు ఉన్నాయి. కొన్ని కుట్టినవి, కొన్ని గోటితో గీకినట్టు రాసినవి. ఒక కోటు జేబులో సగం రాసిన ఉత్తరం ఇంకా అలాగే ఉంది. డిటెక్టివ్ చదవలేదు. ముప్ఫై, ముప్ఫై రెండు అంకెల మధ్య ఒక కొయ్య హ్యాంగరు ఖాళీగా ఊగుతోంది.

బల్ల మీద పెద్దాయన పనిముట్లు ఉన్నాయి. భూతద్దం, పట్టకారు, చేత్తో పట్టుకునే యూవీ దీపం. ఆ దీపం సంగతి డిటెక్టివ్‌కి తెలుసు. ఇవాళ్టి దారంలో తెల్లదనం కోసం కలిపే మందు ఆ వెలుగుకి నీలంగా మెరుస్తుంది. యుద్ధంనాటి దారం మెరవదు. కిటికీ మూసి వరసంతా దీపం పట్టాడు. నలభై కోట్లూ చీకట్లో చీకటిగానే ఉండిపోయాయి. ఒక్క కుట్టు కూడా వెలగలేదు. పెద్దాయన చూపు ఎక్కడా తప్పలేదు.

మోకాళ్ళ మీద కూర్చుని నేలంతా వెతికాడు. కుర్చీకి ఏడడుగుల దూరంలో, కోట్ల అంచుల కింద, గోడమూల ఒక తెల్లమాత్ర దొరికింది. కూతురికి చూపించాడు.

"నాన్నదే," అంది ఆమె.

అంటే సీసా తెరుచుకుంది. మాత్రలు నేలంతా దొర్లాయి. ఎవరో వాటిని ఏరి, సీసాలో పోసి, మూత బిగించి, జేబులో పెట్టి, దానిపైన కోటు తొడిగారు. ఈ ఒక్కటీ వాళ్ళ కంటపడలేదు.

చివరగా పెద్దాయన రాతపుస్తకం. వంకర వేళ్ళతో రాసిన పెద్ద పెద్ద అక్షరాలు. 'ముప్ఫై ఒకటి. యుద్ధఖైదీల శిబిరంలో డాక్టరు కోటు. లైనింగు లోపల, తడిస్తే ఊదారంగు తేలే పెన్సిలుతో ముప్ఫై ఆరు పేర్లు. శిబిరంలో పోయినవాళ్ళు. పోయిన తారీకులు, కారణాలు. ఇది ఒక ఇంటి సొత్తు కాదు, ముప్ఫై ఆరు ఇళ్ళది. అందరికీ ఉత్తరాలు రాయాలి. పేర్లు తర్వాతి పేజీలో.'

తర్వాతి పేజీ లేదు. బ్లేడుతో కుదురుగా కోసేశారు.

ఎదురింటి వరండాలో గడియారాలు బాగుచేసే ముసలాయన కంటికి భూతద్దం తగిలించుకునే సమాధానం చెప్పాడు.

"పన్నెండూ అయిదుకి వచ్చారు, ఇద్దరు. మగాడు మెట్లెక్కేదాకా హెల్మెట్ తియ్యలేదు. ఆవిడ గొడుగు దించలేదు. భుజాన గుడ్డసంచీ, ఉబ్బుగా ఉంది."

"వెళ్ళింది?"

"ఒంటిగంటా ఇరవైకి."

"టైము ఖచ్చితమేనా బాబాయ్?"

ముసలాయన భూతద్దం తీసేశాడు. "నా బల్ల మీద పద్నాలుగు గడియారాలున్నాయి. తొమ్మిది నిజం చెప్తాయి. మనుషుల్లో అంతమందిని చూపించు చూద్దాం."

"సరే సరే. వెళ్ళేటప్పుడు సంచీ?"

"అంతే ఉబ్బుగా ఉంది. నిండుగా తెచ్చింది, నిండుగానే పట్టుకుపోయింది. గేటు దగ్గర ఆగి, మేడ కిటికీ వంక తిరిగి దణ్ణం పెట్టింది."

"పోలీసులకి చెప్పారా?"

"చెప్పాను. ఆ ఇన్‌స్పెక్టరు పెన్ను మూత తియ్యకుండానే తల ఊపాడు."

స్టేషనుకి వెళ్ళేసరికి సాయంత్రం అయిదు కావస్తోంది.

"రా బావా," అన్నాడు ఇన్‌స్పెక్టరు కుర్చీలోంచి లేవకుండా. "నాలుగు రోజులకి చేరుకున్నావు. నత్తకి ఇది రికార్డే. అక్క బాగుందా?"

"బాగుంది. ఆ కోటు చూడాలి."

"మూసేసిన కేసు."

"మూసింది నువ్వే కాబట్టి తెరవడం తేలిక. ఆ ముసలాయన గుండీలు పెట్టుకోలేడని తెలుసా నీకు?"

"చావుబతుకుల్లో మనిషికి ఎక్కడలేని బలం వస్తుంది."

"మాత్రల సీసా మూత బిగించే బలం కూడానా? బలం వస్తే మాత్ర వేసుకుంటాడు గానీ మూత బిగిస్తాడా?"

ఇన్‌స్పెక్టరు నవ్వాడు, కానీ చెయ్యి బల్లమీది పేపర్‌వెయిట్ మీదికి వెళ్ళింది. "డిపార్టుమెంటు వదిలేసినా పెత్తనం వదల్లేదు నువ్వు. ఆ పిల్ల ఏడ్చింది, నువ్వు కరిగిపోయావు. చూసుకో, పాతగుడ్డేగా!" బీరువాలోంచి సంచీ తీసి బల్లమీద పడేశాడు. "పదినిమిషాలు. అదీ అక్క మొహం చూసి."

డిటెక్టివ్ కిటికీ తెర లాగాడు. పెద్దాయన బల్ల మీంచి తెచ్చిన దీపం వెలిగించాడు.

పైగుడ్డ చీకటిగానే ఉంది. గుడ్డ అసలుదే. కాజాల దగ్గర కూడా ఏమీ లేదు. కోటు తెరిచి లైనింగు మీద వెలుగు పట్టగానే అంచు చుట్టూ సన్నటి నీలిగీత లేచింది. ఎనిమిది గుండీల కిందా ఎనిమిది నీలిచుక్కలు. లోపల ముప్ఫై ఆరు పేర్లు వరసగా ఊదారంగులో ఉన్నాయి. వేలు తడిచేసి ఒక అక్షరం మీద రుద్దాడు. రంగు తేలలేదు. పెన్సిలు కాదు, ఇవాళ్టి పెన్ను. ఏదో పాత కోటుకి కొత్త లైనింగు వేసి, పేర్లు ఎక్కించి తయారుచేసిన నకలు.

"ఇది ముప్ఫై ఒకటో కోటు కాదు," అన్నాడు.

బావమరిది తలుపు వంక చూశాడు.

భూతద్దం దగ్గరగా పెట్టాడు. రెండు కుట్లు ముందుకి, ఒకటి వెనక్కి. మూల తిరిగేచోట చిన్న ముడి, దానిమీద ఇంకో అడ్డముడి. గుండీ కింద దారం మూడుచుట్లు తిప్పి మెడలా కట్టిన పద్ధతి. చాలాసేపు చూశాడు. తర్వాత తన ఎడమచేతి చొక్కా మణికట్టుని తీసుకెళ్ళి దీపం కింద పెట్టాడు. పోయిన వారం ఊడిపోతే భార్య మళ్ళీ కుట్టిన గుండీ అది. నీలంగా వెలిగింది. మూడుచుట్ల మెడ. ముడి మీద అడ్డముడి.

దీపం ఆపేశాడు.

"గొడుగు వేసుకున్నది మీ అక్క," అన్నాడు డిటెక్టివ్. తన గొంతు తనకే దూరంనుంచి వినిపించింది. "గ్లాసులు కడిగింది కూడా."

"అక్కని ఇందులోకి లాగకు బావా."

"లాగింది నువ్వు. చెప్పు."

ఇన్‌స్పెక్టరు తెరవేసిన కిటికీ వైపు తిరిగి చెప్పాడు. పదిహేను రోజుల క్రితం ముసలాయన ఫోన్ చేశాడు. మీ తాతగారి పేరు నా దగ్గరున్న కోటులో ఉంది, వచ్చి చూడండి అన్నాడు. ఇన్‌స్పెక్టరు వెళ్ళి చూశాడు. పోయినవాళ్ళ జాబితాలో పదిహేడో పేరు. "కూడలిలో తాతయ్య విగ్రహం. బడికి తాతయ్య పేరు. ఈ కుర్చీ నాకు ఎవరి పేరు చెప్తే వచ్చిందో నీకూ తెలుసు. ఆ ఒక్క పేరు మార్చి నకలు చేయించాను. అక్కకి పరువు విషయం అని చెప్పాను, కుట్టిపెట్టింది. మార్చేసి వచ్చేద్దామనుకున్నాం. ముసలాడు దీపం వేసి చూశాడు."

"తర్వాత?"

"నా మొహం చూశాడు. కుర్చీలో కూలబడి జేబులోంచి సీసా లాగాడు. మూత ఊడింది, సీసా జారిపోయింది. మాత్రలన్నీ కిందపడ్డాయి. చెయ్యి చాపాడు."

"నువ్వు?"

"అక్క కింద ఉంది. గ్లాసులు కడుగుతోంది."

"అక్కని అడగలేదు. నువ్వేం చేశావు?"

"నిలబడ్డాను," అన్నాడు బావమరిది. "నేను చెయ్యి వెయ్యలేదు బావా. ఒట్టు. ఊరికే నిలబడ్డాను. ఆ కోట్లన్నీ చూస్తూనే ఉన్నాయి. చెయ్యి వాలిపోయేదాకా అలాగే నిలబడ్డాను."

ఇన్నేళ్ళలో ఎన్నో నేరాంగీకారాలు విన్నాడు డిటెక్టివ్. ఇంత నెమ్మదిగా చేసిన హత్య ఒక్కటీ వినలేదు. కుర్చీ వెనక్కి తోసి, గోడవైపు తిరిగి ఇంటికి ఫోన్ చేశాడు.

మొదటి మోతకే ఎత్తింది భార్య.

"ఎక్కడున్నావు?"

"పడగ్గదిలో. నేలమీద." ఆమె గొంతులో ఏడుపు అయిపోయిన తర్వాతి పొడి. "మీకు తెలిసిపోయింది కదండీ."

"అసలు కోటు?"

"నా ఒళ్ళో ఉంది. కాల్చెయ్యమన్నాడు తమ్ముడు. నాలుగు రోజులనుంచీ అగ్గిపెట్టె తీస్తున్నాను, ఒక పేరు చదువుతున్నాను, మళ్ళీ లోపల పెట్టేస్తున్నాను. ఇవాళ ముప్ఫై ఆరూ చదివాను."

"పదిహేడోది?"

"తాతయ్యది. పేరు, సైనిక నంబరు, ఊరు, పోయిన తారీకు. శిబిరంలోనే పోయాడని ఉంది."

డిటెక్టివ్ కళ్ళు మూసుకున్నాడు. ఆ తాతయ్యని ఆయన ఎరుగును. ఎనభై ఎనిమిదేళ్ళు బతికి, మంచంమీద కన్నుమూసిన మనిషి. కాలిన చెంపతో, సగం మూతితో నవ్వేవాడు. చదరంగంలో తనని ఓడించి, "నిదానం మంచిదేరా అల్లుడూ" అని భుజం తట్టేవాడు.

"తమ్ముడు పేరొక్కటే చూశాడు," అంది ఆమె. "నేను రాత చూశాను. ముప్ఫై ఆరూ ఒకే చేతిరాత. నాకు అక్షరాలు దిద్దించిన చెయ్యి అది. 'శ' తోకని కిందికి లాగి వదిలేస్తాడు, ఎన్నిసార్లు చూశానో. తను చచ్చిపోయాడని తనే రాసుకున్నాడండీ."

"అంటే రాసింది..."

"ఈ కోటు వేసుకున్న డాక్టరు. మనింటికి తాతయ్య పేరుతో తిరిగొచ్చింది ఆయనే. పెళ్ళైన పదకొండో రోజున యుద్ధానికి వెళ్ళాడు నాయనమ్మ మొగుడు. ఏడేళ్ళ తర్వాత కాలిన మొహంతో ఒక మనిషి గుమ్మంలో నిలబడి అదే పేరు చెప్పాడు. ఆవిడ తలుపు తీసింది. అంతకుమించి ఎవరూ ఏమీ అడగలేదు. ఇంకోటి ఉంది. లైనింగు మడతలో పడింది, తమ్ముడి కంటపడలేదు. అందరి పేర్ల పక్కనా కారణం రాశాడు. జ్వరం, ఆకలి, విరేచనాలు, మళ్ళీ ఆకలి. పదిహేడో పేరు పక్కన ఒకటే మాట ఉంది."

"ఏమని?"

"'నేను' అని."

ఆ మాట రెండు రకాలుగా చదవొచ్చు. చంపింది నేను అని ఒకటి. ఇకనుంచి ఈ మనిషిని నేనే అని ఒకటి. రెంటిలో ఏది నిజమైనా, తను ఇరవైయేళ్ళు చదరంగం ఆడింది ఎవరితోనో డిటెక్టివ్‌కి ఇంతవరకూ తెలియదు. ఫోన్ చెవిదగ్గరే పెట్టుకుని బావమరిది వైపు తిరిగాడు.

కుర్చీ ఖాళీగా ఉంది. తలుపు తెరిచి ఉంది. బల్లమీది నకలు కోటు కూడా లేదు. బయట జీపు స్టార్టయిన చప్పుడు, గేటు దగ్గర టైర్ల కీచుమోత.

డిటెక్టివ్ జీవితంలో మొదటిసారి పరిగెత్తాడు.

"తలుపు గడియ వేసుకో," ఫోన్‌లో అరిచాడు. "నేను వచ్చేదాకా తియ్యకు. నీ తమ్ముడు పిలిచినా సరే, ఏడ్చినా సరే, తియ్యకు. వింటున్నావా?"

అటునుంచి ఆమె లేచి నడిచిన చప్పుడు వినిపించింది.

"వీధి తలుపుకి గడియ లేదండీ, తాళమే," అంది ఆమె. "రెండో తాళంచెవి వాడి దగ్గరుంది."